అన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

మా పత్రికలో ఏటేట నొక ప్రసిద్ధ వ్యక్తి జీవితమును గూర్చి వ్రాయుట వాడుక. అట్టి వ్యాసములకు సాధారణముగా రాజులును, సేనాపతులును, క్రొత్త దేశములను గనిపెట్టిన నావికులును, శాస్త్రజ్ఞులును విషయమగుచుందురు. ఈ మారు మేమెన్నుకొన్న వ్యక్తి రాజ్య మేలలేదు, గ్రంథము రచింపలేదు, సభ నెక్కి యుపన్యసింపలేదు. మెట్టిన యూరిని విడిచి దూరదేశములకు పోయినదియు లేదు. ఆకలిగొని తన గడప కెక్కినవారికి అన్నము వండి పెట్టుట యొక్కటియే యామె జీవితకాలమంతయు చేసిన పని.

దయ యనిన తోడనే మన మనస్సులకు పెద్ద విరాళములును, ధర్మాసుపత్రులును, గోడలమీద చలువరాతిపై చెక్కిన దాతల పేర్లును తోచును. అవి మన కందనివి గనుక వానిని మెచ్చుకొని యూరకుందుము. సీతమ్మగారి దయకు గావలసిన సామగ్రి యొక పొయ్యి, ఒక కుండ, ఒక అరటియాకు. ఇవి మనలో ననేకుల యిండ్లలో గలవు. కావుననే యామె చరిత్రము హాయిగా విని మరచిపోదగినది కాదు. చక్రవర్తుల దానములను గూర్చి విన్నప్పుడు మనము తప్పించుకొనవచ్చును గాని, యీమె కథ విన్నప్పుడు తప్పించుకొనుట కష్టము.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున, అప్పటి రాజమహేంద్రవరము జిల్లాలోని మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. ఆమె పుట్టిన కాలము గోదావరి తీరమునకు మంచికాలము కాదు. 1832-33లో వచ్చిన నందన కరువు ఉత్తర సర్కారులను అల్లాడించెను. గుంటూరు సీమలో దాని ఘోరము మిక్కుటమైనను, గోదావరి సీమను గూడ అది విడువలేదు. పిమ్మట 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచివైచెను. అంత పెద్దనది ప్రక్కనే పారుచుండగా దాని నీటిని పొలములకు మరల్చు నుపాయము లేక జనులు వానకై యాకాశమువంక చూచుచుండిరి. కరువును కన్నులార చూచిన పెద్దల చేతులలో పెరిగిన తరము సీతమ్మగారిది. అన్నము విలువ యెట్టిదో ఆ తరమువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

భవానీశంకరముగారు ఇంటికి వచ్చినవారికెల్ల అన్నము పెట్టువారగుటచే ఊరివారాయనను బువ్వన్న యని పిలిచెడివారట. పసిపిల్లలు అన్నమును బువ్వ యందురు గదా! పెద్దమనిషి కట్టిపేరు వచ్చుట పరిహాసమో గౌరవమో చెప్పజాలము. రెండును కలిసియే యుండును. తల్లి చిన్నతనముననే గతింపగా, ఆ యింటి పొయ్యి బాలికయైన సీతమ్మగారి చేతికి వచ్చెను. ఆనాటి పల్లె బాలికలలో పెక్కుమందికి వలెనే యామెకును బడి చదువు లేదు. అతిథి ముఖము చూచి అతని యాకలి కనిపెట్టుటయే యామె నేర్చిన విద్య.

లంకల గన్నవరము గ్రామస్థులగు డొక్కా జోగన్నగారు వేదము చదువుకొన్నవారు, భూవసతి గలవారు. ఒకప్పుడాయన మండపేటమీదుగా పోవుచు భవానీశంకరముగారి యింట భోజనము చేసి, ఆ బాలిక అతిథుల నాదరించు తీరును జూచి, ఆమెను వివాహమాడ గోరెనని చెప్పుదురు. అట్లామె గన్నవరమునకు కాపురమునకు వచ్చెను.

ఆ గన్నవరము ఎట్టి చోట నున్నదో తెలియనిదే ఆమె చేసిన పని యెంతటిదో తెలియదు. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ యను పెద్దపాయలుగా చీలును. ఆ రెంటి నడుమ భూమియే కోనసీమ. గన్నవరము చెంత వసిష్ఠనుండి వైనతేయ మను మరియొక పాయ విడివడి సముద్రమునకు పోవును. ఎటు చూచినను నీరు, నీటినడుమ లంకలు. రాజోలు వైపునకును, సముద్రతీరమున నున్న అంతర్వేది క్షేత్రమునకును పోవలసినవారు రేవు దాటక తప్పదు. వరదల దినములలో పడవ నడువదు. బాటసారి యొడ్డుననే చిక్కుకొనును. రైలు ఆ సీమ ముఖము చూడలేదు. పెండ్లివారు, యాత్రికులు, సంతకు పోవు వర్తకులు, వ్యాజ్యములకై తిరుగు రైతులు, అందరును కాలినడకనో, ఎద్దుబండిమీదనో, పడవలోనో పోవలసినవారే.

సీతమ్మగారి బాల్యముననే ఆ సీమకు మంచిరోజులు వచ్చెను. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో మొదలిడిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. ఆ దశాబ్దముననే గన్నవరము కడ వైనతేయమును దాటించి, ఆవలి నగరము లంకకు కాలువ నీరు గొనిపోవుటకై 49 కమానులతో అక్విడక్టు కట్టిరి. బీళ్లు పచ్చబడెను, జోగన్నగారివంటి రైతుల గాదెలు నిండెను.

ఆ యానకట్ట నిలిపిన ప్రాణములతో పోల్చినచో సీతమ్మగారి వంటయిల్లు మిక్కిలి చిన్నది. ఈ మాట దాచవలసిన పని లేదు. 1876-78 సంవత్సరముల కరువులో చెన్నపురి రాజధానియందు లక్షలకొలది జనులు నశింపగా గోదావరి డెల్టా ఆ వాత పడకుండుట కాలువల చలువయే. అయితే పంట పండినంత మాత్రమున దారిని పోవువానికి భోజనము దొరకదు. గాదెలో ధాన్యమును, ఆ గాదె ముందరి బాటపై ఆకలియు ఒక్క యూరిలో నొక్క దినమున నుండవచ్చును. ఆ నాలుగడుగుల దూరమును ఏ యింజనీరును దాటింపలేడు. ఎవరో యొకరు లేచి పొయ్యి ముట్టింపవలెను.

సత్రములు ఆనాడు లేకపోలేదు. పుణ్యాత్ములు మాన్యములిచ్చి కట్టించినవి అక్కడక్కడ నుండెను. కాని సత్రమునకు వేళ గలదు. వేళ మించి వచ్చినవానికి తలుపు మూసియుండును. పెక్కు సత్రములకు కులనియమమును గలదు. పట్టణములలో పూటకూళ్ల యిండ్లున్నను, చేత కాసు లేనివానికి వానితో పని లేదు. సీతమ్మగారి యింట ఈ మూడడ్డంకులును లేవు. వేళ లేదు, వెల లేదు. కులము చూడక పెట్టెడిదనియు నా ప్రాంతమున తరతరముల వాడుక. ఆనాటి బ్రాహ్మణ గృహములలోని కట్టుబాట్లు తెలిసినవారికి ఈ కడపటి మాట యెంత బరువైనదో తెలియును.

ఆ పని యెట్టిదో కొంచెము నిదానించి చూడవలెను. మహనీయుల దయను మెచ్చుకొనునప్పుడు ఆ దయలోని చాకిరిని మరచుట మన కలవాటు. ఆ కాలమున వడ్లను మిల్లున ఆడించి తెచ్చుకొనుట లేదు. ఎండబోసి, రోట దంచి, చేట చెరిగి, నూకలు వేరుచేసిన గాని బియ్యము కుండలో పడవు. నూరుమంది తిను అన్నమునకు ముందుదినముననే దంపుళ్లు సాగవలెను. కట్టెలును, కొబ్బరిమట్టలును వానకు తడియకుండ దాచవలెను. వేసవిలో జాడీల కెత్తిన ఊరగాయ మరుసటి వేసవిదాక రావలెను. పప్పు ఉడుకవలెను, పాలు తోడుపెట్టవలెను, మజ్జిగ చిలుకవలెను. బిందెలతో నీరు మోయవలెను. తినినవారు లేచిపోయిన పిదప ఎంగిలాకులెత్తి, గచ్చు కడిగి, గిన్నెలు తోమవలెను. కోనసీమలో వీనికెల్ల చులుకనగా దొరకునది అరటియాకు ఒక్కటియే.

వీనికి మించిన కష్టము లెక్క తెలియకుండుట. పెండ్లి వంటకైనను లెక్క యుండును. ఆ యింట ఏ పూట ఎందరు వచ్చెదరో చెప్పగలవారు లేరు. పదిమందికి వండిననాడు అవతలి గట్టునుండి పడవనిండ జనము దిగవచ్చును; నలుబదిమందికి వండిననాడు వరద వచ్చి ఒక్కరును రాకపోవచ్చును. అన్నిపనులును ముగించి, పొయ్యి యార్పి, నడుము వాల్చిన తరువాత అరుగుమీద అడుగుల చప్పుడు వినబడవచ్చును. వేళకాని వేళ వచ్చినవారికిని ఆమె మరల పొయ్యి రాజవేసి వేడియన్నము వండిపెట్టెడిదని చెప్పుదురు. మా దృష్టికి ఆమె చరిత్రమున ముఖ్యమైన ఘట్టమేదియన నిదియే. మొదటి పంక్తికి వడ్డించునప్పుడు వడ్డించువారికి ఉత్సాహ ముండును. తినువారి ముఖములు చూచి సంతోష మగును. అర్ధరాత్రి వచ్చినవానికి వండుటలో నట్టి సంతోషమేమియు లేదు. నిద్ర, విసుగు, కీళ్లనొప్పి యివియే యుండును. వీనిని ముఖమున గనబడనీయక లేచుట యొకనాడు సాధ్యము. సంవత్సరములు గడచుచుండ ప్రతిరాత్రియు సాధ్యమగుట మామూలు సంగతి కాదు.

మన నిత్యజీవితములో దయ వెనుకంజవేయుట కూడ ఇచ్చటనే. పండుగనాడు బీదలకు బట్టలు పంచుటకు మనలో ముందుకు రానివారు తక్కువ. బడిలో చందా పుస్తకము త్రిప్పిన పిల్లలు తమ డబ్బులు సంతోషముగా వేయుదురు. కాని ఒకే సందేహమును మూడవసారి యడిగిన మందబుద్ధియగు సహపాఠికి విసుగుకొనక చెప్పుటయు, మధ్యాహ్నము కారియరు విప్పినప్పుడు ప్రక్కనున్నవాడు ఏమియు తెచ్చుకొనలేదని గ్రహించి వానికి సిగ్గు కలుగకుండ చోటిచ్చుటయు, ముసలి తాతగారు చెప్పినకథనే మరల చెప్పుచుండ వినుటయు చందా వంటివి కావు. వీనిని చూచి మెచ్చుకొనువారుండరు. రేపు మరల చేయవలసియు వచ్చును. ఈ పాఠశాలలో మేమిట్టివి చేయు బాలురను, బాలికలను కొందరిని చూచుచున్నాము. వారి పేర్లు బహుమానముల పట్టికలో నెక్కుటకు వీలు లేదు గనుక ఇచ్చట వారిని స్మరించుచున్నాము.

అడుగక అందరికి పెట్టినచో సోమరులు పెరుగుదురను వాదము ఆనాడును గలదు, నేడును గలదు. దానిని మేము తేలికగా త్రోసివేయము. సీతమ్మగారి పంక్తిలోను పనిదొంగలు కొందరు కూర్చుండియే యుందురు. అయినను ఆకలిగొన్నవానిని విచారణ చేయుటకు బూనినచో, మానవంతుడే ముందుగా సిగ్గుపడి లేచిపోవును. సోమరి తనకు గావలసిన సమాధానములన్నియు సిద్ధము చేసికొనియే వచ్చును. విచారణ వలన పట్టుబడువాడొకడైన, పస్తుండువారు పదిమంది. సీతమ్మగారు ఈ తర్కమంతయు చేసియుండరు. ఆకు వేసిరి, అంతే.

ఇట్లు పెట్టుట ఊరక జరుగదు. వచ్చువారి సంఖ్య పెరిగిన కొలది గాదె తరిగెను. ఆస్తి కరగుచుండుట చూచి బంధువులు చింతించుట సహజమే. ఈ సందర్భమున జోగన్నగారిని గూర్చి యొక మాట చెప్పవలెను. భార్య కీర్తి వెనుక ఆయన పేరు కొంత మరుగుపడినది. ఆ పొలములు ఆయనవి. ఆ ధాన్యము ఆయన సేద్యమువలన వచ్చినది. ఆ కాలపు గృహస్థుడు చాలునన్నచో పొయ్యి ఆ పూటతో ఆరిపోయెడిది. ఆయన అట్లనక, పొలమునుండి ధాన్యము తెచ్చి యిచ్చుచునే యుండెను. ఇంటిలో నొకరి దయకు మరియొకరు అడ్డు రాకుండుట గూడ దయయే యని మా యభిప్రాయము. చేతిలోనిది తరిగిపోవు వేళ జోగన్నగారికి పొలము త్రవ్వుచుండగా ధనపు బిందె దొరకినదని యొక కథ గలదు. ఈ కథపై మేమేమియు ఆధారపరచము. ఊరివారట్టి కథ నొకదానిని చెప్పుకొనవలసి వచ్చినదనిన, ఆ ధర్మము కొనసాగుట వారి లెక్కకు అందలేదని మాత్రము తెలియుచున్నది.

ఆమెను గూర్చిన కథలలో అంతర్వేది ప్రయాణము మిక్కిలి ప్రసిద్ధము. సంవత్సరముల తరబడి పొయ్యి విడువని యామెకు, వసిష్ఠ సాగరమున గలియు చోట వెలసిన నరసింహస్వామిని ఒక్కమారు దర్శింపవలెనని కోరిక కలిగెను. పల్లకి యెక్కి బయలుదేరెను. దారిలో బోయీలు పల్లకి దించి అలసట తీర్చుకొనుచుండగా, సమీపమున మరియొక గుంపు ఆగియుండెను. వారిలో పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. కొంచె మోర్చుకొన్నచో గన్నవరము చేరుదుమనియు, అచ్చట సీతమ్మగారు కడుపునిండ పెట్టుదురనియు పెద్దలు వారి నూరడించుచుండిరి. ఈ మాటలు పల్లకిలోని యామె చెవిని బడెను. వారు పోవుచున్న యింట తాను లేదు. ఆమె వెంటనే పల్లకి మరలింపు మని బోయీలతో జెప్పి, వారికంటె ముందుగా నిల్లు చేరి, వంట సిద్ధము చేసి వారి కెదురుచూచెను. దైవదర్శనమున కై పోవుచు నడుమ మరలుట భక్తురాలికి అల్పవిషయము కాదు. ఆ దినమున నామె యేది విడిచి యేది పట్టెనో గ్రహించుటకు వ్యాఖ్యాన మక్కరలేదు.

ఆమె పేరు క్రమముగా జిల్లా దాటెను. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి 1902 ఆగస్టులో లండనున పట్టాభిషిక్తుడు కాగా, 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీలో దర్బారు జరిగెను. ఆ యుత్సవమునకై సీతమ్మగారికి ఆహ్వానము వచ్చెననియు, ఆమె పోనొల్లకుండుటచే ఛాయాపటమునైన పంపవలసినదని పైయధికారులు కోరిరనియు కోనసీమలో చెప్పుకొందురు. ఆమె పటము తీయించుకొనుటకును ఒప్పుకొనలేదు. తాను కీర్తికై పెట్టుటలేదు గనుక పట మెందులకని యామె తలంపు. తుదకు ఆ యాజ్ఞతో వచ్చిన యుద్యోగి, పటము లేక మరలిపోయినచో తన కొలువు పోవునని మొరపెట్టుకొనెను. అప్పుడామె యొప్పుకొనెను. ఆ పటమును ఉత్సవమున నొక యాసనముపై గౌరవముగా నుంచిరని కథ. చెప్పువారు సాధారణముగా పటము చక్రవర్తి యుత్సవమునకు చేరిన ఘట్టమున గొంతు హెచ్చింతురు. మేము ఆ యుద్యోగి కడనే ఆగిపోదుము. పొట్టకూటికై తన గుమ్మమున నిలిచిన వేలమందిలో అతడు నొకడు. వానికి కావలసినది ఆ దినమున అన్నము గాక పటమైనది గనుక ఆమె పటమిచ్చెను.

సీతమ్మగారు 1909వ సంవత్సరమున పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు అరువదియేడు అరువదియెనిమిది యేండ్ల నడుమ నుండును. కాటన్ దొరగారి కాలపు పాత అక్విడక్టు చెంత వైనతేయముపై క్రొత్తది కట్టినప్పుడు, 2000వ సంవత్సరమున, దానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరిడిరి. నీటికిని అన్నమునకును గల సంబంధ మెరిగినవారే ఆ పేరు పెట్టియుందురు.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరు పెట్టెను. బడికి పోయి యెరుగని యామె పేరున నిప్పుడు బడులలో పంక్తులు సాగుచున్నవి. ఆ బడులలో ఉదయముననే వచ్చి, పొగలో గూర్చుండి, బియ్య మేరి, పప్పు వేసి, గంట మ్రోగునప్పటికి గిన్నెలు దించు స్త్రీలున్నారు. ఆటలో మునిగి యాలస్యముగా వచ్చిన పిల్లవానికి గిన్నె యడుగు గీకి పెట్టువారు వారే. వారి పేర్లు ఎచ్చటను వ్రాసియుండవు. మన విద్యార్థులలో పలువురు చిన్నతరగతులలో వారి చేతియన్నము తినినవారే. ఆ పేర్లు వీరి కింకను జ్ఞాపకముండవలెను.